విరగని విల్లు

విల్లు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది శివధనుస్సు. అది ఫెళ్ళున విరగబట్టే కదా సీతమ్మకి పెళ్ళయింది! ఆ చప్పుడు గురించి చిన్నప్పట్నించీ ఎన్ని హరికథల్లో విన్నామో లెక్కలేదు. విరిచినవాడి పేరు పసిపిల్లనడిగినా చెబుతుంది. మరి విల్లు విరక్కుండా ఉండాలంటే ఏం చెయ్యాలా అని రాత్రీ పగలూ తల బద్దలు కొట్టుకున్న వాళ్ళ మాట? వాళ్ళని మనం ఎప్పుడూ తలుచుకోం.

కౌటిల్యుడు మాత్రం కాస్త తలుచుకున్నాడు. అర్థశాస్త్రంలో ఆయుధాగారం సంగతి చెబుతూ తాటిచెక్క, వెదురు, కర్ర, కొమ్ము అని విల్లు చెయ్యడానికి నాలుగు రకాల సరుకు లెక్కపెట్టాడు. అందులో వెదురుదాని పేరే కోదండం. ఆయన జాబితాలో కర్ర వేరు, వెదురు వేరు. ఆ రెండింటినీ ఒక్క వింట్లో కలిపి, ఆ కాపురాన్ని ఇన్ని వందల ఏళ్ళుగా నిలబెట్టుకొస్తున్నవాళ్ళు జపాన్‌వాళ్ళు. ఈ కథ వాళ్ళది.

మొదట్లో వాళ్ళదీ ఉత్త కర్ర విల్లే. 3వ శతాబ్దంలో చైనావాళ్ళు రాసుకున్న చరిత్రలో, ఆ దీవుల జనం కర్ర విల్లు వాడతారనీ, దానికి కింది భాగం పొట్టి, పై భాగం పొడుగు అనీ ఉంది. ఆ తీరు ఇవాళ్టికీ మారలేదు. విల్లు పొడుగు సుమారు 221 సెంటీమీటర్లు, అంటే ఏడడుగుల పైమాటే. పట్టుకునే చోటు మాత్రం నడిమధ్యన కాదు, కిందినించి ఇంచుమించు మూడోవంతు దగ్గర ఉంటుంది.

ఇప్పుడు మీరొకసారి వంటింట్లోకెళ్ళి ఓ ములక్కాడ తీసుకుని వంచి చూడండి. వెలుపలివైపు తోలు సాగి సాగి చిట్లుతుంది. లోపలివైపు నలిగి ముడత పడుతుంది. వింటి కష్టమంతా ఇదే. వంచినకొద్దీ ఒక పక్క సాగాలి, ఒక పక్క నలగాలి. ఒకే కర్ర రెండు బాధలూ ఎంతకాలం పడుతుంది? నలగడానికి ఓర్చుకున్న కర్రకూడా సాగవలసి వచ్చేసరికి పుటుక్కుమంటుంది. అంచేత హెయాన్ కాలంలో, అంటే సుమారు 10, 12 శతాబ్దాల మధ్య, ఎవరో పుణ్యాత్ములు కర్రకి వెలుపలివైపు, గురికి ఎదురుగా ఉండే పక్కన, ఒక వెదురు బద్ద అతికించారు. వెదురు పైతోలు దగ్గర నార దట్టంగా ఉంటుంది. ఎంత లాగినా సాగుతుందేగాని తెగదు. ఈ రకం విల్లుకి ఫుసెతాకె అని పేరు.

అతికించారు అని ఒక్క ముక్కలో అనేశానుగానీ అదేమంత తేలిక పని కాదు. వెదురు చలికాలంలోనే నరకాలి. అప్పుడు దాంట్లో పసరు తక్కువ, పురుగు పట్టదు. (మన పల్లెల్లోనూ వెదురు అమావాస్యకే కొట్టాలంటారు, బెంగ ఒక్కటే!) నెలల తరబడి ఆరబెట్టాలి. బద్దని లోపలివైపే చిత్రిక పట్టాలిగాని పైతోలు జోలికి పోకూడదు. కణుపులు కణుపుల్లాగే ఉండాలి. కర్రకీ బద్దకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా అక్కడే ఊడుతుంది. అతకడానికి జింకతోలు కాచి తీసిన బంక వాడేవారు. మన వడ్రంగులు వజ్రం అనేవారే, దాని చుట్టమే. బంక తడి ఆరకముందే విల్లు పొడుగునా తాడు చుట్టి, తాడుకీ బద్దకీ మధ్య వెదురు ముక్కలు పదులకొద్దీ దిగగొట్టి, విల్లుని వెనక్కి వంచేస్తారు. అంటే నారి లాగే వైపుకి కాదు, దానికి ఎదురువైపుకి! పుట్టీ పుట్టకముందే ఈ మొండితనం నేర్పబట్టే, తరవాత నారి వదిలినప్పుడు అంత విసురు వస్తుంది.

ఆ తరవాత అసలు ఓర్పు. నారి ఎక్కించడం, దూరంగా నిలబడి ఒంపు చూడటం, ఎక్కడ బిగువు ఎక్కువుందో అక్కడ కాస్త గీరడం, మళ్ళీ చూడటం. గీరిన పొట్టు తిరిగి అతకదు కదా! చివరికి అక్కడక్కడ పేముతో బిగించి చుట్టి, చెట్టుపాలతో చేసిన నల్లని మెరుగుపూత పూసేవారు. చూసేవాళ్ళకి అది సింగారం. చేసినవాడికి మాత్రం, బంకకి చెమ్మ తగలకుండా వేసిన గొడుగు.

ఆ రోజుల్లో వింటి బలాన్ని మనుషుల్లో కొలిచేవారు. ముగ్గురు కలిస్తే నారి ఎక్కేది ముగ్గురి విల్లు, ఐదుగురైతే ఐదుగురి విల్లు. 1185లో యషిమా యుద్ధంలో యోషిత్సునే అనే సేనాని విల్లు సముద్రంలో జారిపడింది. పోతే పోనీ అని తనవాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా, శత్రువుల మధ్య ప్రాణాలకి తెగించి కొరడాతో దాన్ని అందుకున్నాడట. ఎందుకయ్యా అంటే, అది బలమైన విల్లయితే కావాలనే పారేసేవాణ్ణి, ఇంత బలహీనమైనది దొరికితే శత్రువులు నవ్విపోరూ అన్నాడని హెయికె గాథ చెబుతుంది. మగవాళ్ళ పరువు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూశారా!

నవ్వుకున్నా, ఇందులో విల్లు చేసేవాడి తలనొప్పి ఉంది. బలం కావాలంటే లావు చెయ్యాలి. లావు చేస్తే ఒంగదు, ఒంచితే విరుగుతుంది. అందుకే క్రమంగా లోపలివైపు కూడా వెదురు వేశారు. తరవాత చుట్టూ వేశారు. చివరికి నడిమి కర్రలోనే సన్నటి వెదురు పుల్లలు పొదిగారు. అలా పెరిగిన విల్లుతోనే 1686లో క్యోటోలో 120 మీటర్ల పొడుగున్న గుడి వసారాలో, ఒక పగలూ రాత్రీ, వాసా దైహచిరో అనే యువకుడు 13,053 బాణాలు వేస్తే 8,133 ఆ చివరికి చేరాయి. అన్నిసార్లు ఒంగి అన్నిసార్లు లేచిన విల్లు సంగతేమిటో ఎవరూ రాసినట్టు లేదు.

ఆ గుడి దగ్గరే ఇప్పటికీ ఏటా జనవరిలో ఇరవయ్యేళ్ళు నిండిన ఆడపిల్లలు పట్టు కిమోనోలు కట్టుకుని బారులు తీరి, 60 మీటర్ల దూరంలోని గురికి బాణాలు వేస్తారు. విల్లు వాళ్ళకంటే రెండడుగులు పొడుగు. స్వయంవరంలో దండ పట్టుకుని నిలబడే పని లేదు, విల్లే చేతిలో ఉంది.

బడిపిల్లల చేతుల్లోకి గాజునార విల్లులొచ్చి చాలాకాలమైంది. తోలుబంకకి బదులు ఫ్యాక్టరీ బంక వచ్చింది. ఐనా క్యూషూ దీవిలోని మియాకొనోజోలో వెదురు విల్లు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1994లో ఆ దేశపు ప్రభుత్వం వాళ్ళ పనిని సంప్రదాయ హస్తకళల్లో చేర్చింది. ఒక్కో విల్లునీ మొదటినించి చివరిదాకా ఒకే మనిషి చేస్తాడు. అయ్యాక దానిమీద తన పేరు వేస్తాడు.

విరిచినవాడి పేరు మనకెలాగూ తెలుసు. చేసినవాడి పేరు వింటిమీదే ఉండటం నాకు మహా ముచ్చటగా అనిపించింది.