బిళ్ళ

హౌరా దాటి ఖరగ్‌పూర్ వైపు వస్తుంటే మొదటి స్టేషన్ టికియాపారా. హిందీలో టికియా అంటే బిళ్ళ, బెంగాలీలో పారా అంటే పేట. మాటకు మాట చెప్పుకుంటే బిళ్ళలపేట! సబ్బు హిందీవాళ్ళకు టికియా, మనకు బిళ్ళ.

మన బిళ్ళ చాలా దూరం నడిచింది. బొట్టుబిళ్ళ, రూపాయిబిళ్ళ, జ్వరంబిళ్ళ, తొక్కుడుబిళ్ళ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట బిళ్ళబంట్రోతు. అతని అధికారమంతా అతను పెట్టుకునే ఇత్తడి బిళ్ళలోనే ఉండేది. హిందీవారు ఆ బిళ్ళను చప్రాస్ అన్నారు, పెట్టుకున్నవాణ్ణి చప్రాసీ అన్నారు. వస్తువే మనిషికి పేరైంది.

పెట్టుకున్నవాడు ఎవరివాడో చెప్పే బిళ్ళ మన బంట్రోతుకే కాదు. ఒకప్పటి జర్మన్ సైనికుల మొన టోపీ పికెల్‌హౌబ ముందుభాగాన ఉండే రేకుకు కూడా బిళ్ళ అన్న మాటే తగినది. 1842లో ప్రష్యా సైన్యంలోకి వచ్చిన ఆ టోపీని తర్వాత ఇతర జర్మన్ రాజ్యాలూ తీసుకున్నాయి; అది ఏ రాజ్యానిదో బిళ్ళే చెబుతుంది. రెక్కలు చాచిన గద్ద ప్రష్యాది. డాలుకు రెండు పక్కలా సింహాలుంటే బవేరియా; ఒక పక్క సింహం, మరో పక్క దుప్పి ఉంటే వుర్టెంబర్గ్. తొందరపడితే ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. కిరణాల నక్షత్రం సాక్సనీది. 1915లో మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఇత్తడి పోయి బూడిదరంగు ఉక్కు వచ్చింది, కాబట్టి రంగు కాలాన్ని కూడా చెబుతుంది.

మీ ఇంట్లో తాతగారి ఇత్తడి బిళ్ళ ఉంటే చింతపండుతో తోమకండి. దాని మీది అక్షరాలు అరిగిపోతాయి.