ఇరవై మీటర్ల నేల

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒక ఎకరం మామిడితోపు ఉందనుకోండి. నాలుగు పక్కలా సమానంగా, ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. చెట్టుకూ చెట్టుకూ 10 మీటర్ల ఎడం పెడితే నలభై చెట్లు పడతాయి. ఆ తోపు మధ్యగా పైపులైను కోసం 20 మీటర్ల వెడల్పున పట్టీ గీస్తే రెండు వరసలు పోతాయి. అంటే పన్నెండు చెట్లు, 31 సెంట్ల నేల. పట్టా రైతు పేరుమీదే ఉంటుంది. ఆ పట్టీలో రాగులు చల్లుకోవచ్చు, వేరుశెనగ వేసుకోవచ్చు. చెట్టు మాత్రం నాటకూడదు, బావి తవ్వకూడదు, ఇల్లు కట్టకూడదు. ఈ ప్రాంతంలో పదేళ్లకు పైగా నలుగుతున్న పైపులైను వివాదమంతా ఈ పట్టీ దగ్గరే ఉంది.

చమురు పైపులైను గొడవతోనే పుట్టింది. 1865లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో శామ్యూల్ వాన్ సైకిల్ అనే వ్యాపారి పిట్‌హోల్ చమురు బావుల నుంచి రైలు స్టేషను దాకా అయిదు మైళ్ల పొడవున రెండంగుళాల ఇనుప గొట్టం వేశాడు. అప్పటిదాకా పీపాలను గుర్రపు బళ్ల మీద తోలేవారు. బతుకుతెరువు పోతుందని బళ్లవాళ్లు గొట్టాన్ని పెళ్లగించారు, అతను తుపాకులతో కాపలా పెట్టుకున్నాడు. నాటి తగాదా కూలి గురించి. మన దగ్గరికి వచ్చేసరికి అది నేల గురించిన తగాదా అయింది.

మన దేశంలో ఆ తగాదాకు చట్టరూపం వచ్చింది 1962లో. అస్సాంలోని నహర్‌కటియా ముడిచమురును బిహార్‌లోని బరౌనీ శుద్ధి కర్మాగారానికి చేర్చే 1,157 కిలోమీటర్ల గొట్టం పని అప్పుడు సాగుతోంది. అంత పొడవునా భూమిని కొనడం కుదరదు, కొననక్కరలేదు కూడా; గొట్టం పూడ్చాక పైన సేద్యం చేసుకోవచ్చు కదా అన్నది ఆనాటి ఆలోచన. అందుకే భూమిని కాక, దాన్ని వాడుకునే హక్కును మాత్రమే తీసుకునే చట్టం చేశారు. గెజిట్‌లో ప్రకటన వచ్చాక అభ్యంతరం చెప్పుకోడానికి 21 రోజులు. ఆ హక్కుకు పరిహారం భూమి విలువలో 10 శాతం. చెట్లకూ పంటకూ జరిగే నష్టం వేరే కడతారు. మన ఎకరం పది లక్షలు చేస్తుందనుకుంటే, 31 సెంట్లకు వచ్చేది 31 వేలు.

ఆ చట్టంలో ఒక మంచి మాటా ఉంది. ప్రకటన నాటికి మనుషులు కాపురముంటున్న చోటగానీ, శాశ్వత కట్టడం ఉన్న చోటగానీ గొట్టం వేయకూడదు. మరి తోపు? తాత నాటితే మనవడు కాయ కోసుకునే తోపుకు చట్టంలో ఆ రక్షణ లేదు. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉంది.

ఆ లోపం కృష్ణగిరికి తగిలింది కేంద్ర ప్రభుత్వ సంస్థ గెయిల్ పైపులైనుతో. అందులో పారేది ముడిచమురు కాదు, సహజవాయువు. చట్టం మాత్రం అదే. కొచ్చి, కూట్టనాడు, బెంగళూరు, మంగళూరులను కలిపే ఆ మార్గంలో సుమారు 310 కిలోమీటర్లు తమిళనాడులోనివి. కోయంబత్తూరు మొదలు ధర్మపురి, కృష్ణగిరి దాకా ఏడు జిల్లాలు. 2012-13ల్లో రైతులు అడ్డం తిరిగారు. వాళ్లు గొట్టమే వద్దనలేదు, జాతీయ రహదారి పక్కన వేసుకోండన్నారు. 2013 మార్చిలో ముఖ్యమంత్రి జయలలిత అసెంబ్లీలో అదే మాట చెప్పారు, తవ్విన గోతులు పూడ్చాలన్నారు. రోడ్లు విస్తరిస్తారు, వాటి పక్కన జనం, కట్టడాలు ఎక్కువ, ప్రమాదమని సంస్థ వాదన. నవంబరులో మద్రాసు హైకోర్టు సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

కేసు అక్కడ ఉండగానే 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే లైను అది. తేమ తీయని వాయువు వల్ల లోపల తుప్పుపట్టి చిల్లుపడింది. ఇరవైమందికి పైగా చనిపోయారు. కృష్ణగిరి జిల్లాలోని హోసూరు చుట్టుపక్కల ఎన్నో పల్లెల్లో ఇంటిమాట తెలుగే, ఆ వార్త వాళ్లకు పరాయిది కాదు. గొట్టం చేలో పడితే ఏమవుతుందని వాళ్లకు బెంగ పట్టుకుందంటే, అది అపోహ అని కొట్టిపారేయడానికి ఎవరికీ హక్కు లేదు.

2016 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు రాష్ట్రం అప్పీలును కొట్టేసింది. కేంద్ర చట్టం కింద నిర్ణయించిన దారిని రాష్ట్రం మార్చలేదని తేలింది. ఊళ్లలో మాత్రం ఏదీ తేలలేదు. 2022 ఏప్రిల్‌లో పక్క ధర్మపురి జిల్లా పాలక్కోడు ప్రాంతంలో ఈ పైపులైను పనులను వ్యతిరేకిస్తూ వచ్చిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఈలోగా కోయంబత్తూరు దగ్గరి ఇరుగూరు నుంచి బెంగళూరు దగ్గరి దేవనగొంది దాకా పెట్రోలు, డీజిలు తీసుకెళ్లే భారత్ పెట్రోలియం గొట్టం కూడా ఇదే దారిన బయల్దేరింది. మళ్లీ అదే కోరిక: రోడ్డు పక్కన వేయండి.

గొట్టం అక్కర్లేదని నేననను. డీజిలు ట్యాంకరు లారీల్లో కంటే గొట్టంలో భద్రంగా, చవకగా పోతుంది. రాజీ కుదరదనీ కాదు. కేరళలో 2017 నిరసనల తర్వాత పరిహారం పెంచారు. పది సెంట్లలోపు భూమి ఉన్నవాళ్లకు అయిదు లక్షల సాయం ఇచ్చి, ఇల్లు కట్టుకునేలా పట్టీని రెండు మీటర్లకు కుదించారు. కొచ్చి నుంచి మంగళూరు దాకా సుమారు 450 కిలోమీటర్ల లైను 2021 జనవరి 5న మొదలైంది.

పట్టీని అక్కడ కుదించగలిగినవాళ్లు ఇక్కడా కుదించగలరు. 1962 నాటి 10 శాతాన్ని కేంద్రం తిరగరాయాలి. చట్టం ఇంటికి ఇచ్చిన రక్షణను కాపుకొచ్చిన తోపుకూ, నీళ్లున్న బావికీ ఇవ్వాలి.