కోయ పడిగె: గుడ్డ మీది వంశచరిత్ర

ఇంతకు ముందు పాఠాల్లో శాసనాల గురించీ నాణేల గురించీ చదివారు. ఆ రకం ఆధారాలతోనే భద్రాచలం అడవుల చరిత్ర రాయబోతే మీకు ఎక్కువగా దొరికేది పాలకుల మాటే. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారిందనీ, 1959లో ఖమ్మం జిల్లాలో చేరిందనీ కాగితాలు చెబుతాయి. అక్కడి కోయలు ఒకరికొకరు ఏమవుతారు, వాళ్ల పెద్దలు ఎటు నుంచి కదిలి ఎక్కడ ఆగారు అన్నది ఆ కాగితాల్లో ఉండదు. అందుకు వాళ్ల దగ్గర వేరే పత్రం ఉంది. దాని పేరు పడిగె.

పడిగె అంటే మూడు కోణాల గుడ్డ జెండా. దాని మీద ఒక వంశపు పూర్వీకుల బొమ్మలు ఉంటాయి. ఇది గోడకు తగిలించుకునే పటం కాదు. వేల్పును కొలిచే రోజున బయటికి తీస్తారు, కొలుపు అయ్యాక మళ్లీ దాచేస్తారు. దాన్ని చదివి వినిపించేవారు డోలీలు. వంశకథలు పాడడం కోయల్లో వీరి వృత్తి. డోలు మోగుతుంటే బొమ్మకు కథ తోడవుతుంది. కోయలు మూడో గట్టు, నాలుగో గట్టు ఇలా గట్లుగా విడిపోయి ఉంటారు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరస, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. కాబట్టి ఏ ఇంటిపేరు ఏ గట్టులోకి వస్తుందో చెప్పే ఈ కథ వినోదం కోసం మాత్రమే పుట్టింది కాదని మీకు అర్థమై ఉంటుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల గురించి చాలా రాశారు. ఆయన రాతలను 1909 నాటి తన కులాలు, తెగల గ్రంథంలో థర్‌స్టన్ వాడుకున్నారు. పూర్వీకుల బొమ్మలున్న మూడు మూలల ఎర్ర నూలుగుడ్డల ప్రస్తావన అందులో ఉంది. అయితే అప్పట్లో వాటిని పూజావస్తువుల లెక్కలోనే వేశారు. చరిత్ర ఆధారంగా చూడడం ఆలస్యంగా మొదలైంది. జయధీర్ తిరుమలరావు డోలీల దగ్గర పడిగెలనూ కథలనూ సేకరించి, సమ్మక్క సారలమ్మల డోలీ కథను పుస్తకంగా తెచ్చారు. మేడారం జాతరలో అమ్మే చిన్న పుస్తకాల్లోని కథకూ డోలీలు పాడే కథకూ తేడాలున్నాయి. ఏది నిజమని తొందరపడి తీర్పు చెప్పకండి. ఎవరు, ఎవరి ముందు, ఎందుకు చెబుతున్నారో ముందు రాసుకోండి.

బొమ్మ ఆధారంగా నిలబడుతుందా అని సందేహిస్తే ఆస్ట్రేలియా వైపు చూడండి. అక్కడి ఆదివాసులు మన పల్లెల్లో చుక్కల్లో గొల్లకావడిని చూసినట్టే పాలపుంతలోని నల్లటి మచ్చల్లో ఈమూ పక్షిని చూస్తారు. నేలనూ నీటిగుంటలనూ పూర్వీకుల కథలుగా గీస్తారు. గ్రేట్ శాండీ ఎడారికి చెందినవారు 1997లో సుమారు ఎనిమిది మీటర్లకు పది మీటర్ల బట్ట మీద తమ నేలను గీసి, భూమి హక్కుల ట్రిబ్యునల్ ముందు పరిచి, దాని మీద నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007లో వారి హక్కుకు గుర్తింపు వచ్చింది. పడిగె ప్రధానంగా వంశపటం. దాన్ని అలాంటి భూమి పటమని అనలేం. కానీ డోలీ కథలో ఊళ్లూ దారులూ వస్తాయి. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఒకే గట్టువాళ్లు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు, కొన్ని ఊళ్లు ముంపులోకి వెళ్తున్నాయి. ఊరు నీళ్లలో కలిశాక దాని పేరు మిగిలేది కథలోనే.

ఆ కథ పాడేవాళ్లు తగ్గిపోతున్నారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన (శబరి గోదావరిలో కలిసే కూనవరం వేరు) డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య కోయ భాషలోనూ తెలుగులోనూ వంశకథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జూన్‌లో కన్నుమూశారు. పాడేవాడు లేకుండా మ్యూజియం అద్దాల వెనుక వేలాడే పడిగెలో ఏ బొమ్మ ఎవరిదో మీరు చెప్పలేరు. అందుకే మీ ప్రాజెక్టు పని కోసం కొలుపుకు వెళ్తే, వడ్డెను అడిగి ఆయన ఒప్పుకుంటేనే ఫొటో తీయండి. పాటను మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి, పాడినవారి పేరూ గట్టూ ఊరూ తేదీతో సహా అక్కడే రాసుకోండి.