ఇనుప కాకి, జహన్నుమ్, నజాత్: గోదావరి అడవి అంచున ఒక పాత సవాల్

1860లో నిజాం సర్కార్ భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పింది. గోదావరికి ఇవతల పాల్వంచ, కొత్తగూడెం రియాసత్‌లోనే ఉన్నాయి. అవతలి ఒడ్డు మాత్రం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, తర్వాత మద్రాసు కింద గోదావరి జిల్లాలో నడిచింది. భద్రాచలం ఖమ్మం జిల్లాకు వచ్చింది 1959లోనే. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను రాయబోయే సంగతి ఆ ఒడ్డున మొదలైంది.

సర్ ఆర్థర్ కాటన్ గోదావరిని ఎగువ దాకా పడవల దారి చేయాలనుకున్నాడు. నాగపూర్ వైపు పత్తి నీటి మీద సముద్రానికి రావాలని ఆయన లెక్క. ఆ పనుల కోసమే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది. 1871లో స్కీము ఆగిపోయింది, ఆనకట్ట మిగిలింది. దానితోపాటు ఒక చర్చి మిషన్ కూడా మిగిలింది. పనులు చూసే ఫౌజీ ఇంజనీర్ హేగ్ దీన్‌దార్ క్రైస్తవుడు. చుట్టూ ఉన్న కోయవాళ్లకు ఇంజీల్ సందేశం అందాలని చర్చ్ మిషనరీ సొసైటీని కదిలించింది ఆయనే. మొదటి ప్రచారకుడు మాత్రం దొర కాదు. ఆ పనుల దగ్గరే సర్కారీ నౌకరీ చేస్తూ క్రైస్తవుడైన వెంకటరామరాజు ఉద్యోగం వదిలి ఊళ్లు పట్టి తిరిగాడు. (ఇదే హేగ్ జనరల్ అయ్యాక 1886-87లో ఎర్ర సముద్రం తీరం, యెమన్ తిరిగి, అరబ్బుల మధ్య కూడా మిషన్ పెట్టాలని రాశాడు. దుమ్ముగూడెం నుంచి అదన్ దాకా ఒకే మనిషి ఫికర్!)

తర్వాత వచ్చిన పాదిరీ జాన్ కెయిన్ ఏళ్ల తరబడి దుమ్ముగూడెంలో ఉన్నాడు. కోయ భాష నేర్చాడు, వాళ్ల ఆచారాలను ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో రాశాడు. ఆయన రాసిన వాటిలో ఒక చిన్న ముచ్చట నన్ను వదలదు. ఒక కోయ మనిషి ఆయనతో జన్నత్, దోజఖ్ గురించి చెప్పాడట. జన్నత్ అంటే పెద్ద కోట. లోపలికి రానిచ్చినవాళ్లకు అందులో బియ్యం రాశులు పోసి ఉంటాయి. దోజఖ్ అంటే ఇనుప కాకి ఒకటి చెడ్డవాళ్ల మాంసాన్ని ఆగకుండా పొడుచుకు తినే చోటు. ఈ మాట ఇంకే కోయవాడి నోటా వినలేదని కెయిన్ వెంటనే చేర్చాడు. అంటే అది ఆ ఒక్కడి ఖయాల్ కావచ్చు. ఒక్కడిదే అయినా అందులో ఆకలి తెలిసినవాడి జన్నత్ ఉంది.

అలాంటి మనిషి ముందుకు మిషన్ తెచ్చిన అఖీదా ఏమిటి? మనలో చాలామందికి ఇది సగమే తెలుసు. "హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) వాళ్ల గునాహ్‌లన్నీ మోశారంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వాళ్ల లోపలి లెక్క ఇది. అల్లాహ్‌కు ఇన్సాఫ్ ఉంది, రహమ్ ఉంది. ఇన్సాఫ్ ప్రకారం గునాహ్‌కు సజా పడాలి. రహమ్ ప్రకారం గునాహ్‌గార్ బతకాలి. రెండూ ఒకేసారి ఎలా నెరవేరతాయి? ఇంగ్లండులో ఆర్చ్‌బిషప్‌గా ఉన్న ఆన్సెల్మ్ 1098 నాటికి పూర్తి చేసిన కితాబులో దీనికి జవాబు కట్టాడు. మనిషి చేసిన తప్పు అపారమైనవాడి ఇజ్జత్ మీద పడ్డ బాకీ. మనిషి తీర్చాలి, కానీ తీర్చే తాఖత్ దేవుడికే ఉంది. అందుకే దేవుడే మనిషిగా వచ్చి తీర్చాడని వాళ్ల విశ్వాసం. తర్వాతి ప్రొటెస్టెంటులు బాకీ మాటను సజా మాటగా మార్చారు. మన సజా ఆయన అనుభవించాడు అన్నారు. సిలువ అంటే వాళ్లకు ఇన్సాఫ్, రహమ్ కలిసిన చోటు. ఉర్దూ క్రైస్తవులు దీన్ని కఫ్ఫారా అంటారు. తెలుగు బైబిల్లో ప్రాయశ్చిత్తం, దాని ఫలం రక్షణ. ఉర్దూలో అదే నజాత్.

ఇక్కడ మనకూ వాళ్లకూ ఫరఖ్ అసలైనది, మొహమాటానికి దాచేది కాదు. ఒకరి బోఝా ఇంకొకరు మోయరని ఖురాన్ చెబుతుంది. బందా తౌబా చేస్తే మధ్యలో జామీను అక్కర్లేకుండా మాఫ్ చేసే ఇఖ్తియార్ అల్లాహ్‌కు ఉంది. ఆయన రహ్మత్ ఆయన గజబ్‌ను మించిందని హదీసు. బాకీ రద్దు చేయడానికి ఎవరో తీర్చాలన్న షరతు మన లెక్కలో లేదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్సాఫ్‌ను తేలిక చేయకుండా రహమ్ ఎలా అన్న బేచైనీ వాళ్లకు ఎంత ఉందో మనకూ అంతే ఉంది. లేకపోతే ఖయామత్ రోజు తరాజు ఎందుకు?

మాటల్లో కూడా చుట్టరికం ఉంది. ఈసా ప్రవక్త కాలం నాటి యెరూషలేం గోడల బయట హిన్నోము లోయ అని ఒకటి ఉంది. దాని హీబ్రూ పేరు నుంచే ఇంజీల్ గ్రీకులోని గెహెన్నా, మన జహన్నుమ్ రెండూ వచ్చాయి. తెలుగు బైబిల్ దాన్ని నరకం అంది. చనిపోయినవాళ్ల లోకానికి పాతాళం అని వేరే మాట పెట్టింది. ఉర్దూ బైబిల్ ఆ రెండో దాన్ని ఆలమ్-ఎ-అర్వాహ్ అంటుంది. నా మటుకు ఉర్దూవాళ్ల ఎంపికే బాగుంది. పాతాళం అనగానే మన తెలుగు చెవికి బలి చక్రవర్తి వస్తాడు.

కెయిన్ కోయలోకి తెచ్చింది లూకా సువార్త. ఈ ఎంపిక వెనుక ఏ ఆలోచన ఉన్నా, నాలుగు సువార్తల్లో లూకాలో మాత్రమే ఉన్న కథలు రెండున్నాయి. ఒకటి గుమ్మం ముందు పుండ్లతో పడి ఉన్న లాజరు, లోపల రోజూ విందులు చేసే ధనవంతుడు. చచ్చాక ధనవంతుడు మంటల్లో నీటి చుక్క అడుగుతాడు, లాజరు హజ్రత్ ఇబ్రాహీం ఒడిలో ఉంటాడు. రెండోది ఆస్తి తగలేసి ఇంటికి తిరిగొచ్చిన కొడుకును తండ్రి పరుగెత్తి కౌగలించుకునే కథ. ఒకటి ఇన్సాఫ్, ఇంకొకటి రహమ్. వెట్టి చేసినవాడు, సాహుకారు లెక్కలో పుట్టినప్పటి నుంచీ బాకీదారుగా ఉన్నవాడు మొదటి కథ వింటే ఆ గుమ్మం ఎవరిదో చెప్పాల్సిన పని లేదు.

అయితే అడవిలో ఈ బయాన్‌కు ఎదురయ్యే గట్టి సవాల్ ఒకటుంది: మరి మా తాతలు? కోయవాళ్లకు చనిపోయినవాళ్లు ఇంట్లోవాళ్లే. వాళ్ల పేరున రాళ్లు నిలుపుతారు, ఆవు తోక సమర్పిస్తారు, మెతుకు పెడతారు. నజాత్ విన్నవాడికే అయితే, వినకుండా పోయిన ముసలాయన ఎక్కడ?

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఈ సవాల్ చర్చిని బయటి నుంచీ లోపలి నుంచీ కుదిపింది. దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్ కొలెన్సో జూలూల మధ్య పనిచేస్తూ, వాళ్ల ప్రశ్నలు విని, తాతముత్తాతలందరూ శాశ్వతంగా కాలుతున్నారని తాను బోధించలేనన్నాడు. 1861లో రోమా పత్రిక మీద వ్యాఖ్యానంలో అదే రాశాడు. 1863లో కేప్‌టౌన్‌లో చర్చి విచారణ ఆయన్ను పదవి నుంచి తీసేయాలంది. లండన్‌లో ఇద్దరు పాదిరీల కేసు ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మన జమీందార్ల దావాలు ఎక్కే ఆ ప్రివీ కౌన్సిలే. 1864 ఫైసలా: సజా శాశ్వతం అని నమ్మడం ఇంగ్లండు చర్చి పాదిరీకి కానూనీ షరతు కాదు. తీర్పు చెప్పిన లార్డ్ వెస్ట్‌బరీ దోజఖ్‌ను కోర్టు ఖర్చులతో సహా కొట్టేశాడని జనం నవ్వుకున్నారు. నవ్వనివాళ్లూ ఉన్నారు. సజా శాశ్వతమేనని సుమారు 11,000 మంది పాదిరీలు ఖరారునామా మీద దస్తఖత్ చేశారు. దుమ్ముగూడెం మిషన్ నడిపిన సొసైటీ ఈ గట్టి పక్షం మనుషులదే.

ఇది విని మనం ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. సందేశం అందనివాళ్ల గురించి మన ఉలమా "అహ్లె ఫత్రా" పేరుతో ఎన్నో శతాబ్దాలు బహస్ చేశారు. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) ఫైసలుత్తఫ్రిఖాలో తన కాలపు రూమీ క్రైస్తవుల, తురుకుల గురించే మాట్లాడారు. దూరదేశాల్లో ఉండి రసూలుల్లాహ్ (స) పేరు వినని వాళ్లు, విన్నా వక్రించిన వార్త మాత్రమే విన్నవాళ్లు అల్లాహ్ రహ్మత్‌లోకి వస్తారని ఆశ పెట్టారు. ఈ కితాబు గురించి మన మస్జిదుల్లో బయాన్ ఎందుకు అరుదో నాకు అంతుపట్టదు. పొరుగింటి క్రైస్తవురాలి జనాజా లేస్తుంటే "అరే, ఆమె సీదా దోజఖే" అని పిల్లల ముందు తేలిగ్గా అనేసే ఇళ్లు మనలో ఉన్నాయి. ఆమె ఏం విన్నది, ఎలా విన్నది, ఎవరి అఖ్లాఖ్ చూసి మన దీన్‌ను కొలిచింది? ఆ హిసాబ్ మన చేతిలో లేదు.

ఖమ్మం నుంచి కాజీపేట వైపు రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం బొగ్గు లైను చీలేది అక్కడే. తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి దక్కిన మొదటి హిందుస్తానీ ఆయనే. నిజాం రాజ్యంలోని ఈ ఊరు ఆయన గద్దె. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగలు. నజాత్ అంటే చచ్చాక దోజఖ్ తప్పించుకోవడమే కాదు, సారా మానడం, పిల్లల్ని బడికి పంపడం, మాల మాదిగ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అని ఆయన పట్టు. ఆ చివరిది ఆయన చర్చిలో కూడా తేలిగ్గా జరగలేదు. బిరాదరీల గోల మనకూ కొత్త కాదు. దళితుల మతం మార్పిడి మీద 1930లలో గాంధీజీకీ ఆయనకూ గట్టి వాదన నడిచింది. ఆయన కట్టించిన కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మీనార్లు, గుడి మండపం లాంటి స్తంభాలు అన్నీ అందులో ఉన్నాయి. రైల్లోంచి మొదటిసారి చూసినవాళ్లు మస్జిద్ అనుకుంటే తప్పు పట్టలేం.

కాథలిక్కుల లెక్క వేరు. జన్నత్‌కూ జహన్నుమ్‌కూ మధ్య "ఉత్తరించు స్థలం" అని వాళ్లు నమ్ముతారు. చిన్న గునాహ్‌లు అక్కడ కడిగేస్తారు, బతికున్నవాళ్ల దువా అక్కడివాళ్లకు చేరుతుంది. గునాహ్‌గార్ మోమిన్ కొంతకాలం సజా పొంది బయటికొస్తాడనే మన అఖీదాకు ఇది ఎంత దగ్గరో చూడండి. 1964లో రెండో వాటికన్ మహాసభ ఇంకో అడుగు వేసింది. తమ తప్పు లేకుండా సువార్త తెలియక, జమీర్ మాట విని నడిచినవాళ్లకు నజాత్ దొరకవచ్చని రాసింది. ఏక దేవుణ్ణి ఆరాధించే ముసల్మానులను పేరు పెట్టి ఆ రక్షణ ప్రణాళికలో చేర్చింది. ప్రివీ కౌన్సిల్ ఫైసలాకు అప్పటికి సరిగ్గా నూరేళ్లు.

ప్రొటెస్టెంటులు ఉత్తరించు స్థలాన్ని ఒప్పుకోరు. చనిపోయినవాళ్ల కోసం దువా అక్కర్లేదంటారు. అయినా నవంబర్ 2న సమాధుల పండుగ నాడు మన జిల్లాల్లో వాళ్లూ సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, పిల్లల్ని తీసుకుని కూర్చుంటారు. షబె బరాత్ రాత్రి ఖబ్రస్తాన్‌కు పోయి వచ్చేవాళ్లకు ఆ దృశ్యం ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. వాళ్ల పాదిరీ వద్దంటాడు, మన మౌల్వీ సాబ్‌లు కొందరు బిద్అత్ అంటారు. జనం మాత్రం తాతల దగ్గరికి పోతూనే ఉన్నారు.