హార్మోని పెట్టె – మరమేకుల పియానో

మొన్న దసరా సెలవులకు మా మనవడు బెంగళూరు నుంచి బళ్ళారి వచ్చాడు. వాడు పియానో నేర్చుకుంటున్నాడు. రాత్రి భోజనాలయ్యాక అందరం నడవలో కూర్చున్నప్పుడు తన ఫోనులో ఏదో సంగీతం పెట్టి, "తాతా, ఇదేమి వాద్యమో చెప్పు" అన్నాడు. గుడిగంట లాంటి మోత ఒకటి, వెంటనే చెక్కను తట్టినట్టు ఇంకొకటి, వాటి వెనుక ఎక్కడో గజ్జెల చప్పుడు లాంటిది. నేను జలతరంగమన్నాను. మా తమ్ముడు ఘటమన్నాడు. "రెండూ కాదు, పియానో. తీగల నడుమ మరమేకులు, రబ్బరు ముక్కలు దోపి వాయించినారు. జాన్ కేజ్ అని అమెరికా ఆయన కట్టింది" అన్నాడు వాడు.

మా తమ్ముడు పకపకా నవ్వాడు. "మేకులు దిగ్గొట్టేది వడ్రంగం గాని సంగీతమేమబ్బీ? రాగమా, తాళమా? ఈ మాత్రం రేపు నేనూ కొడతా" అన్నాడు. మనవడు నా వైపు చూశాడు. నాకూ నవ్వు ఆగలేదు. వాడు ఫోను జేబులో పెట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి పోయాడు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మాట్లాడకుండా లోపలికి పోవడమనేది ఈ ఇంట్లో నేను ఇదివరకు ఒకసారి చూశాను. అప్పుడు అలా పోయింది మా చిన్నాయన. పంపింది నేను. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మెట్లు నొక్కి వాయించే వాద్యం కళకు పనికొస్తుందా రాదా అన్న తగువు మన బళ్ళారి వాళ్ళకు కొత్తది కాదు. మన నాటకశాలల్లో, మన ఇళ్ళల్లో అది చాలాకాలం నడిచింది. అక్కడ ముద్దాయి పియానో కాదు, దానికి చిన్న చెల్లెలి వంటి హార్మోనియం.

హార్మోనియం పుట్టిల్లు పారిస్. అలెగ్జాండ్ర్ దెబాఁ అనే ఆయన 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తిత్తి గాలి ఊదితే ఇత్తడి రేకు అదిరి స్వరం పలుకుతుంది. మెట్టు నొక్కితే ఆ రేకుకు గాలి దారి తెరుచుకుంటుంది. అంతే దాని మర్మం. మొదట వచ్చినవి కాళ్ళతో తొక్కేవి. కుర్చీ వేసుకుని వాయించాలి. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటి వాళ్ళు దాన్ని చిన్నది చేసి, తిత్తిని వెనక్కి తెచ్చి, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి వేస్తూ ఇంకో చేత్తో వాయించేలా మార్చారు. అక్కడి నుంచి అది భజన మందిరాల్లోకి, నాటక కంపెనీల్లోకి, మన ఇళ్ళల్లోకి వచ్చేసింది. మనం దాని పేరును కూడా సగం విరిచి "హార్మోని పెట్టె" చేసుకున్నాం.

ఇక మన ఊరి సంగతి. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో ఇక్కడ సరసవినోదినీ సభ స్థాపించారు. నాటకంలో పాటలకూ పద్యాలకూ ఆయన వేసిన పీట తరవాత తెలుగు నాటకమంతటికీ పీట అయింది. కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ పక్షాన చరిత్ర నాటకాలు నడిపించారు. ఆ పరంపరలో పెరిగిన పద్యనాటకానికి హార్మోనియం లేకపోతే పూట గడవని స్థితి వచ్చింది. కారణం తేలికే. మైకు లేని రోజులు. పందిట్లో చివరి వరసకు వినబడేలా నటుడు పైస్థాయిలో అందుకోవాలి. అతనికి శ్రుతి ఇచ్చేదీ, ఊపిరి తీసుకునే సందులో రాగాన్ని పట్టి నిలబెట్టేదీ ఆ పెట్టే. తంబురా అంత దూరం పోదు. పద్యం బాగుంటే జనం "వన్స్‌మోర్" అనేవాళ్ళు. చచ్చిపడి ఉన్న పాత్ర లేచి మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిన సందర్భాలు చెప్పి మా పెద్దలు నవ్వుకునేవాళ్ళు.

దీనికి ఎదురు నిలిచినవాడూ ఈ ఊరివాడే, అందులోనూ ధర్మవరంవారి మేనల్లుడే. బళ్ళారి రాఘవగారు (1880–1946) వృత్తికి వకీలు. రాగాలు తీయడం నటన కాదనీ, సాగదీసిన ఆలాపన పాత్రను మింగేస్తుందనీ ఆయన పోరాడారు. ఆడ పాత్రలు ఆడవాళ్ళే వేయాలన్నారు. పి.వి. రాజమన్నారుగారి 'తప్పెవరిది' వంటి సాంఘిక నాటకాలు వేశారు. ఆ రాజమన్నారుగారే తరవాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు. అంటే నాటకంలో కొత్తదారి అన్నది మనకు బయటినుంచి వచ్చిన మాట కాదు. మేనమామ కట్టిన ఇంట్లోనే మేనల్లుడు గోడ తొలిచి కిటికీ పెట్టాడు. ఆనాటి పెద్దలకు అదీ వింతగానే తోచి ఉంటుంది.

అయితే రాఘవగారి తగువు నాటకంలో సంగీతం ఎంత ఉండాలనే దాని మీద. హార్మోనియం అసలు సంగీతానికే పనికిరాదన్న తగువు వేరే దిక్కునుంచి వచ్చింది. ఆనంద కుమారస్వామి 1909 నాటి జాతీయ వ్యాసాల్లోనే ఆ పెట్టెనూ గ్రామఫోనునూ తప్పుపట్టాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషాయన 1938లో దాని మీద వ్యాసం రాస్తూ, హార్మోనియం పేరును రెండుగా విరిచి, అందులోంచి "హాని" అన్న ఇంగ్లీషు మాట బయటపడేలా శీర్షిక పెట్టాడు. రవీంద్రుడు 1940 జనవరిలో కలకత్తా రేడియోవారికి ఉత్తరం రాసి దాన్ని స్టూడియోలోంచి పంపించేయమన్నాడు. అదే ఏడాది మార్చి నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం మీద నిషేధం అమలయింది.

వాళ్ళ అభియోగాలు మూడు. ఒకటి, దానిమీద గమకం పలకదు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఏమీ లేదు. తోడిలో గాంధారం ఊగవలసినచోట అది కొయ్యలా నిలబడుతుంది. రెండు, స్థాయిని 12 సమభాగాలుగా కోసిన పాశ్చాత్య శ్రుతి మన శ్రుతులకు సరిపడదు. మూడు, అది పరాయిది.

మొదటి రెండూ సంగీతం తెలిసినవాళ్ళ మాటలు. వాటిని తోసిపుచ్చలేం. నేను తోడి విన్న చెవితోనే ఈ మాట అంటున్నాను. మూడోది మాత్రం నిలవదు. వయొలిన్ పరాయిది కాదా? బాలుస్వామి దీక్షితులవారి కాలంలో వచ్చి, ఇప్పుడు అది లేకుండా కచేరీ లేదు. మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) పసివాడుగా మాండలిన్ పట్టుకున్నప్పుడు దాని మీద కర్ణాటక సంగీతమా అని పెదవి విరిచినవాళ్ళున్నారు. తరవాత వాళ్ళే టిక్కెట్టు కొనుక్కుని విన్నారు. పరాయిదన్న మాట సరిహద్దులో ఉన్న మనకు కొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. ఇల్లు మారకుండానే మనం ఇంకొకరి రాష్ట్రంలో అల్పసంఖ్యాకులమయ్యాం. ఎవరు ఎక్కడివారన్నది కాయితం మీద తేలే సంగతి కాదని మనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి. ఆయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తెలుగు హరిశ్చంద్రకైనా కన్నడ కంపెనీకైనా అదే పెట్టె, అవే వేళ్ళు. నటుడు తెరలోంచి దగ్గితే చాలు, ఈ రాత్రి అతని గొంతు ఎంత శ్రుతికి నిలుస్తుందో చెప్పేవాడు. 1969లో మేం కొందరం కుర్రవాళ్ళం కలిసి త్యాగరాజ ఆరాధన పెట్టుకున్నాం. చిన్నాయన పొద్దున్నే తలంటుకుని, పంచె కట్టుకుని, పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. పాడేవాళ్ళకు పక్కన కూర్చుంటానన్నాడు. నేను, అప్పుడే నాలుగు సంగీత పుస్తకాలు చదివినవాణ్ణి, "వద్దు చిన్నాయనా, రేడియోలోనే దాన్ని రానీరు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. తిత్తి మూసి, కొక్కెం పెట్టుకుని ఇంటికి నడిచాడు. సాయంత్రం నేను తిరిగివస్తే లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

మరుసటి ఏడాదే, 1970లో, ఢిల్లీలో ఆ నిషేధం మీద పండితుల సదస్సు జరిగింది. 1971లో ఆంక్షలు సడలించి, పెద్ద గాయకులకు పక్కవాద్యంగా రానిచ్చారు. విడిగా కచేరీకి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. ఆ వార్త పత్రికలో చూసి చిన్నాయనకు చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు.

ఇక మనవడి పియానోకు వస్తాను. విచిత్రమేమంటే అదీ 1940 నాటి కథే. మన రేడియో ఒక పెట్టెను బయటికి పంపిన ఏడే అమెరికాలో సియాటిల్ ఊళ్ళో జాన్ కేజ్ ఇంకో పెట్టెలో మేకులు దోపాడు. తమాషాకు కాదు. సివిల్లా ఫోర్ట్ అనే నర్తకి నాట్యానికి అతను సంగీతం కట్టాలి. తాళవాద్యాలు కావాలి. రంగస్థలం ఇరుకు. ఒక్క పియానోకు తప్ప చోటు లేదు. అతని గురువు హెన్రీ కవెల్ అంతకుముందే పియానో లోపల చేతులు పెట్టి తీగలను నేరుగా మీటినవాడు. (ఈ కవెల్ తరవాత మద్రాసుకూ వచ్చాడు. జలతరంగం, తబలా చేర్చి రాసిన అతని 'మద్రాస్' సింఫనీని 1959లో మద్రాసులోనే వినిపించారు.) ఆ దారిలో కేజ్ తీగల నడుమ వస్తువులు దోపి చూశాడు. ఒక్క పియానో వాద్యబృందమంత పలికింది. చోటు లేక పుట్టిన ఉపాయం అది. మైకు లేక మన నాటకం హార్మోనియం పట్టుకున్నట్టే.

1946లో అహ్మదాబాదు నుంచి గీతా సారాభాయి న్యూయార్క్ పోయి కేజ్‌కు మన సంగీతం చెప్పి, అతని దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. మనసును నెమ్మదింపజేసి దైవానికి పాత్రం చేయడమే సంగీత ప్రయోజనమని ఆమె గురువు చెప్పిన మాట అతన్ని పట్టుకుంది. తరవాత అతను కుమారస్వామి పుస్తకాలు చదివి రసాల సంగతి తెలుసుకున్నాడు. ఎనిమిది రసాలూ శాంతం వైపు ఒరగడమనే భావంతో 1946–48 నడుమ 16 సొనాటాలు, 4 ఇంటర్లూడులు కట్టాడు. 45 స్వరాల తీగల్లో మేకులో, రబ్బరో, ఇంకేదో దోపి ఉంటుంది. 1949లో న్యూయార్క్‌లో మారో అజెమియన్ అనే ఆమె అన్నీ వాయించింది. మనవడు మాకు వినిపించింది ఇందులోదే. హార్మోనియంను తప్పుపట్టిన కుమారస్వామి పుస్తకమే మరమేకుల పియానోకు రసం నేర్పింది. ఇది ఆ మహానుభావుడు ఊహించి ఉండడు.

ఇంత తెలిస్తే అది గొప్ప సంగీతమైపోతుందా? కాదు. కథ మంచిదైనంత మాత్రాన వంట రుచి పుట్టదు. అందుకని మరునాడు మనవణ్ణి పిలిచి, అన్నీ పెట్టమన్నాను. గంటకు పైగా విన్నాను. మొదటి పావుగంట మా తమ్ముడి మాటే నిజమనిపించింది. తరవాత చెవి సర్దుకుంది. తాళం లేదనుకున్నది తప్పు, లెక్క గట్టిగానే ఉంది. రాగం లేదు, నిజమే. కానీ ఒక్కో మెట్టుకు ఒక్కో గొంతు ఉంది. మామూలు పియానోలో అన్ని మెట్లదీ ఒకే గొంతు. ఏ సొనాటాకు ఏ రసమో కేజ్ చెప్పలేదు. నేను రెండింట కరుణ విన్నాను, ఒకదాంట హాస్యం. మళ్ళీ వినాలనిపించింది. నాకు తెలిసిన కొలత అదొక్కటే.

1952లో అతను చేసిన ఇంకొకటి ఉంది. డేవిడ్ ట్యూడర్ పియానో ముందు నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకన్లు కూర్చుని ఒక్క మెట్టూ నొక్కలేదు. మూత మూసి తెరిచి మూడు భాగాలని చూపాడు. సభలోని గాలి, వాన, జనం గొణుగుడు, అదే సంగీతమట. దీన్ని నేను ఒప్పుకోలేదు. వినడం ఎలాగో చెప్పే పాఠమంటే సరేనంటాను, సంగీతమంటే కాదంటాను. మనవడు అరగంట వాదించాడు. వాడి మాట వాడిది. కాదనే హక్కు నాకుంది. కాని విన్నాక కాదనడం వేరు, వినకుండా గది బయట నిలబెట్టడం వేరు. గమకం పలకదని పండితులు చెప్పింది విమర్శ. నేను 1969లో చేసింది విమర్శ కాదు.

ఇదంతా వాడికి చెప్పి, అటక మీదినుంచి చిన్నాయన పెట్టె దింపించాను. ఆయన పోయి చాలాకాలమైంది. తిత్తిని ఎలకలు కొట్టాయి. కొన్ని రేకులు మూగబోయాయి. ఒక మెట్టు మాత్రం నొక్కకపోయినా సన్నగా మోగుతూనే ఉంది. బాగు చేయిద్దామన్నాను. "ఉండు తాతా, ముందు ఇదెట్లుందో అట్లే విననీ" అని మనవడు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

మా తమ్ముడు వాకిట్లోంచి చూస్తూ ఉన్నాడు. ఏదో ఎత్తిపొడుపు అంటాడనుకున్నాను. లోపలికి వచ్చి, "తిత్తి అట్ల గుంజకబ్బీ, చినిగిపోతుంది. చిన్నాయన ఎట్ల వేస్తుండెనో చూపిస్తా" అని వాడి పక్కన చతికిలబడ్డాడు.