అన్నయ్య సంతకాల పుస్తకం



సంక్రాంతి వస్తోందంటే మన ఇళ్ళల్లో అటక దులపడం మామూలే కదా! భోగిమంటలో వేయడానికి పనికిరాని సామాను ఏముందా అని వెతుకుతుంటే పాత ట్రంకుపెట్టె అడుగున మా పెద్దన్నయ్య ఆటోగ్రాఫ్ పుస్తకం దొరికింది. అరచేతిలో ఇమిడేంత పుస్తకం. గులాబీ, లేతనీలం, పసుపు రంగు కాగితాలు. మా మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇవన్నీ ఎవరి గీతలు అమ్మమ్మా? దీన్ని కూడా మంటలో వేసేద్దామా?" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. కానీ వాడి తప్పేముంది? సంతకాల కింద పేర్లు లేవు, తేదీలు లేవు. అన్నయ్య పోయి పదేళ్ళు దాటింది. ఇక చెప్పవలసిన దాన్ని నేనే. ఆ రోజు వాడికి చెప్పిన కబుర్లే ఈవేళ మీకూ చెబుతాను.

అన్నయ్య కాలేజీ చదువు రోజుల్లో ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియాన్ని అందరూ ఫతే మైదాన్ అనేవారు. 1967లో దానికి శాస్త్రిగారి పేరు పెట్టారు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలకు దేశంలోని పేరున్న క్రికెట్ ఆటగాళ్ళంతా హైదరాబాదు వచ్చేవారు. అన్నయ్య ఎండలో గేటు దగ్గర గంటల తరబడి నిలబడేవాడు. "నేనూ వస్తానురా" అంటే, "ఆడపిల్లవి, నీకు గ్రౌండు దగ్గరేం పని?" అనేవాడు. అమ్మా అదే మాట. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని, బియ్యం ఏరుతూ రేడియోలో కామెంటరీ వినేదాన్ని. సాయంత్రం అన్నయ్య సంతకం చూపిస్తే, ఆ ఆటగాడు ఎన్ని పరుగులు చేశాడో నేనే ముందుగా చెప్పేదాన్ని!

మొదటి పేజీ ఎం.ఎల్. జయసింహది. సికిందరాబాదులో పుట్టిన మనిషి. 1960లో కలకత్తాలో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో అయిదు రోజులూ బ్యాటింగ్ చేశాడు. అంతకుముందు టెస్టుల్లో అలా చేసినవాడు లేడు. 1968లో ఆస్ట్రేలియా వెళ్ళిన జట్టులో గాయాలు ఎక్కువైతే, ఈయన్ని హడావిడిగా విమానం ఎక్కించారు. ప్రయాణపు బడలికైనా తీరకుండానే బ్రిస్బేన్‌లో 74, 101 పరుగులు చేశాడు. ఆ పక్క పేజీ ఆబిద్ అలీది. 1967లో అడిలైడ్‌లో ఆడిన మొదటి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. 1971 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఇంగ్లండు మీద మనం గెలిచినప్పుడు గెలుపు పరుగులు కొట్టిందీ ఆయనే. 2025 మార్చిలో అమెరికాలో కన్నుమూశాడు. ఆ వార్త చదివిన నాడు ఈ పుస్తకం ఏమైందో అని ఒక్కసారైనా అనుకోలేదు చూడండి!

అన్నయ్యకు ఒక బెంగ ఉండేది. కల్నల్ సి.కె. నాయుడుగారి సంతకం దొరకలేదని. ఆయన నాగపూర్‌లో స్థిరపడిన తెలుగువారి బిడ్డ. 1932లో లార్డ్స్‌లో మన దేశం మొదటి టెస్టు ఆడినప్పుడు ఆయనే కెప్టెన్. యాభై ఏడో ఏడు దాటాక కూడా 1953-54లో ఆంధ్ర జట్టుకు రంజీ ట్రోఫీలో నాయకత్వం వహించాడంటే ఏమనాలి? 1967లో ఆయన పోయాక, ఆ పేజీ అలాగే ఖాళీగా మిగిలిపోయింది.

ఇక క్రికెట్ పేజీలు దాటితే ఫుట్‌బాల్ వస్తుంది. మన పిల్లలకు నమ్మకం కలగదు గానీ, ఒకప్పుడు భారతదేశపు ఫుట్‌బాల్‌కు హైదరాబాదు పుట్టిల్లులాంటిది. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. అందరికీ ఆయన రహీం సాబ్. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో మనకు బంగారు పతకాలు వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఈ మూడింటికీ శిక్షకుడు ఆయనే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచేనాటికి ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆ జట్టులోనే ఆడిన తులసీదాస్ బలరాం సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. చివరి రోజులు బెంగాల్‌లోని ఉత్తరపాడలో గడిపి, 2023లో పోయాడు. ఆయన పుట్టిన అమ్ముగూడలో ఈవేళ ఎందరికి ఆ పేరు తెలుసంటారు?

పుస్తకం చివర ఒక పేజీ మీద పెన్సిలుతో ఒక పేరు రాసి, కింద ఖాళీ వదిలాడు అన్నయ్య. ఆయన కూడా ఆనాటి ఫుట్‌బాల్ ఆటగాడే. పేరు చెప్పను, ఆ కుటుంబానికి ఇష్టం ఉంటుందో ఉండదో. వాకబు చేస్తే, బొల్లారం వైపు ఒక సందులో ఉన్నారని తెలిసింది. పండగ వెళ్ళాక మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. తొంభైకి దగ్గరపడిన మనిషి. పుస్తకం చేతికిస్తే కాసేపు మాట్లాడలేదు.

"ఎవరికోసం తల్లీ?" అన్నారు.

"మా అన్నయ్య మీకోసం ఈ పేజీ అట్టే పెట్టాడండీ" అన్నాను.

చేయి వణుకుతోంది. నాలుగు అక్షరాలు రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వాళ్ళావిడ కళ్ళజోడు తెచ్చిచ్చి, పుస్తకం కదలకుండా పట్టుకుని నిలబడ్డారు. "పక్కింటివాళ్ళకు కూడా ఈయన ఆడినట్టు తెలియదమ్మా. బురదకొట్టుకొచ్చిన ఆ బట్టలు రాత్రికి రాత్రి ఉతికి, కుంపటి పక్కన ఆరబెట్టి పొద్దున్నే ఇచ్చేదాన్ని. ఒక్కటే జత ఉండేది" అన్నారు నవ్వుతూ.

ఆ మాటతో నాకు ఏదో తట్టింది. "మీరూ ఒక సంతకం పెట్టండి" అన్నాను. "నేనా? నేనేం ఆడానమ్మా!" అని సిగ్గుపడ్డారు. బతిమాలితే, భర్త సంతకం కిందనే కూడబలుక్కుని తన పేరు రాశారు. అన్నయ్య పుస్తకం మొత్తంలో స్త్రీ సంతకం అదొక్కటే.

అది చూశాక, మావారు తెచ్చిన కొత్త పుస్తకం మా మనవరాలి చేతికిచ్చాను. నాయుడుగారి అమ్మాయి చంద్రా నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాత అని దానికి చెప్పాను. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిందని చెప్పాను. సికిందరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్, రెండు ఒలింపిక్ పతకాల సింధు, నిజామాబాదు నిఖత్ జరీన్, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వెళ్ళి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పతకం తెచ్చిన దీప్తి జీవాంజి, వీళ్ళందరికీ తలో పేజీ కేటాయించుకుంది. "సెల్ఫీ దిగితే చాలదా అమ్మమ్మా?" అని మనవడి ప్రశ్న. ఫోటోలో నువ్వూ ఉంటావురా, సంతకంలో ఆ మనిషి ఒక్కరే ఉంటారు, నీకోసం ఆగిన ఆ ఒక్క నిమిషంతో సహా, అన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉంటే, ముందుగా ప్రతి సంతకం పక్కనా పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. పాత సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. ముచ్చటపడి గోడకు తగిలించకండి, లామినేషన్ అసలు చేయించకండి. శుభ్రమైన కాగితంలో చుట్టి, చెమ్మ తగలని బీరువాలో ఉంచండి. ఆటగాళ్ళ దగ్గరకు పిల్లల్ని పంపేటప్పుడు, ఆట మధ్యలోనూ, భోజనం దగ్గరా అడగవద్దని, పెట్టాక నమస్కారం చెప్పమని నేర్పండి.

అన్నింటికన్నా ముఖ్యం, మీ పేటలో పాత ఆటగాడో, ఆటగత్తెో ఉంటే ఈ నెలలోనే వెళ్ళి పలకరించండి. అన్నయ్య రాసుకున్న ఆ పెన్సిలు పేరు నేను ఇంకో పండగ దాకా వాయిదా వేసి ఉంటే, ఆ పేజీ కూడా నాయుడుగారి పేజీలాగే ఖాళీగా మిగిలేది. మేము వెళ్ళివచ్చిన నలభై రోజులకే ఆ పెద్దాయన వెళ్ళిపోయారు. వాళ్ళబ్బాయి ఆ పేజీని ఫోటో తీసుకుపోవడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ సంతకం అంతకుముందు ఎప్పుడూ చూడలేదన్నాడు.

ఇక సెలవు.