ఇంటనున్న పాత కత్తి: దాని చరిత్ర, దాని విలువ

విజయదశమినాడు గుంటూరు, ప్రకాశం ప్రాంతములలోని కొన్ని పాత ఇండ్లలో కత్తులు పెట్టెలనుండి బయటికి వచ్చును. పసుపు కుంకుమలతో పూజించి, మరల బట్టలో చుట్టి దాచుదురు. “ఇది మా ముత్తాత నాటిది” అని పెద్దలందురు. “దీనికి ధర యెంత పలుకును?” అని పిన్నలడుగుదురు. ఈ రెండు మాటల నిజానిజములను తేల్చు సాక్ష్యము చాలవరకు ఆ లోహములోనే యున్నది. ఇసుకతోనో, గరుకు కాగితముతోనో తోమితిమా, ఆ సాక్ష్యము మరల రాకుండ చెరిగిపోవును.

తెలుగునాటి ఉక్కు

లోకమున మిక్కిలి పేరు గన్న ఖడ్గములలో జపాను ఖడ్గము ఒకటి, డమాస్కసు ఖడ్గము మరియొకటి. ఈ రెండవదానికి వలయు ఉక్కు దక్షిణ భారతమునుండి, సింహళమునుండి పోయెడిది. నేటి తెలంగాణములో నిజామాబాదు జిల్లాయందలి కోనసముద్రము అట్టి ఉక్కునకు పుట్టినిల్లు. 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వాయిసీ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు అచ్చట పారశీక వర్తకులు ఉక్కు కొనుచుండుట చూచెను. ఆయన వ్రాసిన వర్ణన 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఐరోపావారు దీనికి పెట్టిన “వూట్జ్” అను పేరు మన “ఉక్కు” నుండియే పుట్టినదని పండితులు పలువురు తలంతురు.

1795లో జార్జి పియర్సన్ ఈ ఉక్కును గూర్చి లండను రాయల్ సొసైటీకి వ్యాసము సమర్పించెను. 1819లో మైకేల్ ఫారడే దీనిని విశ్లేషించి, దీని గుణములకు అల్యూమినియము మొదలగునవి కారణమని భావించెను. అది సరికాదు. అసలు కారణము కర్బనమని పారిసు టంకశాలలోని బ్రెయాన్ మొదలగువారి పరిశోధనలవలన త్వరలోనే తేలెను.

మూసలో జరుగునది

దక్షిణాదిని పలుచోట్ల ఇనుప ముక్కలను, తంగేడు కర్రలను, పచ్చి ఆకులను మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాల్చెడివారు. కర్రలోని కర్బనము ఇనుములో చేరును. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. నూటికి ఒకటిన్నర పాలు కర్బనము చేరినచో పూర్తిగ కరగుటకు వలయు వేడి సుమారు నూరు డిగ్రీలు తగ్గును. మూస మెల్లగా చల్లారును. పిదప ఆ ముద్దను ఎర్రని వేడిమిలోనే పలుమారులు కాచి, సాగగొట్టవలెను. తెల్లని వేడిమికి పోయినచో అది సుత్తి క్రింద పగిలిపోవును. తొలుత ఐరోపా కమ్మరులకు ఇది కొరుకుడు పడకపోవుటకు కారణమిదియే.

ఇట్లు సాగగొట్టినప్పుడు ఇనుము, కర్బనము కలిసిన కఠినమైన కణములు వరుసలు తీరును. అవియే నీటి అలలవలె కనిపించు చారలు. లోహములో లేశమాత్రముగనున్న వెనేడియము వంటి మూలకములు ఈ వరుసలకు తోడ్పడునని 1990ల నాటి అమెరికా పరిశోధనలు చూపినవి.

గుర్తించు విధము

కత్తిని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టి భూతద్దముతో చూడవలెను. మూస ఉక్కు చారలు సన్నగా, అతుకు గీతలు లేక పారును. అవి లోహమంతట నుండును గనుక పాత గండ్లలో గూడ కనిపించవచ్చును. ఇనుమును, ఉక్కును మడిచి అతికిన కత్తిలో చారలు కొయ్య పొరలవలె ముతకగా నుండును. ఆమ్లముతో పైపైన గీసిన నకిలీ చారలు ఒకే అచ్చులో మరల మరల వచ్చును. తుప్పు పట్టిన కత్తిమీద చారలు కనబడనంతమాత్రాన అవి లేవనరాదు. అయస్కాంతము ఇందు పనికిరాదు. ఉక్కు కత్తులనన్నిటిని అది ఆకర్షించును. ఆమ్లము పోసి చూచుట నిపుణుల పని, ఇంటిలో తగదు.

పేరు చెక్కియున్నదని మురియరాదు. ఇస్ఫహాను పనివాడు అసదుల్లా పేరును ఎందరో తమ కత్తులమీద చెక్కుకొనిరి. హిజిరీ సంవత్సరమున్నచో 0.97తో గుణించి 622 కలుపవలెను: 1100 అయినచో 1067 + 622 = 1689, అనగా సుమారు 1688-89.

జపాను ఖడ్గమును పరీక్షించువారు ముందుగా పిడిలో దూరియుండు భాగమును చూతురు. అచ్చటి నల్లని తుప్పు, ఆకురాతి గీతలు, సంతకము వయస్సును తెలుపును. ఆ తుప్పు తుడిచినచో ఖడ్గము విలువ పడిపోవును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యంత్రములతో విరివిగా చేసిన సైనికుల కత్తులు వేరు. వాటిమీద తయారీ ముద్రలుండును.

విలువ

ధరను నిర్ణయించునవి ఐదు: లోహము, పిడి పనితనము, చెక్కడము, నేటి స్థితి, వంశచరిత్ర. చివరిది డబ్బిచ్చి కొనరానిది. కత్తి ఎవరిది, ఎట్లు వచ్చెనో పెద్దలు బ్రతికియుండగనే వ్రాసికొనవలెను. పల్నాటి కారెంపూడిలో ఏటేట కార్తిక మాసాంతమున వీరుల ఆయుధములకు పూజలు జరుగును. అట్టి ఆయుధము ఏ శతాబ్దిదో చెప్పుట లోహశాస్త్రము పని. జనులకు దానియందున్న గౌరవము దానితో పెరుగదు, తరుగదు.

నూరేండ్లు దాటిన కత్తి 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపరాదు. అట్టివాటితో వ్యాపారము చేయుటకు లైసెన్సు వలయును. ఖడ్గములకు 1959 నాటి ఆయుధ చట్టము గూడ వర్తించును. అమ్ముటకు ముందు పురావస్తు శాఖవారికి చూపుట మేలు. పోల్చిచూచుటకు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములోని ఆయుధములున్నవి.

ఇంటిలో చేయదగినది స్వల్పమే. తడి పసుపును అలుగుకు గాక ఒరకు పూయుడు. చేతి చెమటలోని ఉప్పు తుప్పును పెంచును గనుక అలుగును వట్టి చేతితో తాకకుడు. పలుచని యంత్రపు నూనె రాచి, పొడిబట్టలో చుట్టి, పొడవు, బరువు, చెక్కడములు ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ పట్టికను వ్రాయించినచో, అది రసాయనమునకును చరిత్రకును కలిసివచ్చు మంచి పాఠమగును.